బాదం చెట్టు కింద మూడో హారన్

"మీటర్ మల్లొక్కసారి సున్నాకు రానియ్యి పీరయ్యా. ఆ దినమే ఈ బండి తీసేస్త. కొత్త బండి తాళంచెవి ముందుగాల నీ చేతిలనే పెడ్త. దసరా పూట చెప్తున్న మాట ఇది."

2009 దసరా నాడు, చిక్కడపల్లిలో తన ఇంటి ముందు నిలబడి కిషన్ రావు గారు డ్రైవర్‌తో అన్న మాట. బానెట్ మీద బంతిపూల దండ ఉంది. టైర్ల కింద నాలుగు నిమ్మకాయలున్నాయి. కుంకుమ నింపి కొట్టిన గుమ్మడికాయ ముక్కలు రోడ్డు మీద ఎర్రగా పడి ఉన్నాయి. ఆ మాట విన్నవాళ్ళం ఆరుగురం.

ఆ మాట ఏమైందో చెప్పాలంటే ముందు ఆ గల్లీ సంగతి చెప్పాలి.

చిక్కడపల్లి లైబ్రరీ నుంచి అశోక్ నగర్ హాస్టళ్ళకు ఒక అడ్డదారి ఉంది. ఒక పక్క మూతపడిన ప్రింటింగ్ ప్రెస్ గోడ. ఇంకో పక్క ఇళ్ళ వెనక భాగాలు, డ్రైనేజీ పైపులు, ఏ కిటికీ తెరుచుకోదు. మధ్యలో ఒక పెద్ద బాదం చెట్టు. దాని కింద ఉన్న వీధి దీపం నేను ఈ ఊరికి వచ్చినప్పటి నుంచి వెలగలేదు.

ఆ చెట్టు కిందే కిషన్ రావు గారి తెల్ల అంబాసిడర్ నిలబడేది. వెనక అద్దాలకు పాత బట్ట పరదాలు. పైన ఎండిన బాదం ఆకులు.

రాత్రి పది దాటితే ఆ దారిన ఎవరూ నడిచేవారు కాదు. పది నిమిషాలు ఎక్కువైనా సరే, మెయిన్ రోడ్డు చుట్టి వచ్చేవారు.

ఎందుకంటే... లోపల మనిషి లేకుండా ఆ బండి హారన్ కొట్టేది.

చాలామంది విన్నారు. కర్రీ పాయింట్ మూసి ఇంటికి పోతున్న మనిషి విన్నాడు — సైకిల్ వదిలేసి పరుగెత్తాడు. నల్గొండ నుంచి వచ్చిన ఒక కుర్రాడు ఒక కాలి చెప్పు అక్కడే వదిలి వచ్చాడు. తెల్లారి వెళ్ళి చూస్తే ఆ చెప్పు బానెట్ మీద ఉంది. బురద తుడిచి, ముద్దుగా పెట్టినట్టు ఉంది. ఆ చెప్పును వాడు మళ్ళీ తొడుక్కోలేదు.

గల్లీ మొగన చాయ్ అమ్మి, రాత్రి బంకు పక్క అరుగు మీదే పడుకునే ఆశమ్మ కొత్తగా వచ్చిన ప్రతి హాస్టల్ పిల్లగాడికీ గ్లాసు చేతికిస్తూ చెప్పేది.

"ఒక్కసారి మోగితే పొమ్మని, బిడ్డా. రెండుసార్లు మోగితే తొందరగ పొమ్మని."

"మూడుసార్లు మోగితే?"

ఆశమ్మ స్టవ్ మంట తగ్గించి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించేది.

"మూడు మోగితే ఎనకకు తిరిగి చూడొద్దు. ఎవలు పిలిచినా పలుకొద్దు. ఉరుకుడే."

నేను ఈ మాటలకు నవ్వేవాణ్ణి. పుస్తకాలు చదివినవాణ్ణి. ప్రెస్ గోడ మీద బొగ్గుతో పెద్ద అక్షరాలతో రాసింది కూడా నేనే — దెయ్యం లేదు, దోపిడీ ఉంది. ఆ గోడ మీద ఆ అక్షరాలు ఇంకా ఉన్నాయి. ఇప్పుడు అటు చూడాలంటే నాకే సిగ్గుగా ఉంటుంది.

*

పగటిపూట ఆ బండికి దెయ్యం లేదు, పీరయ్య ఉన్నాడు.

వయసు యాభై అయిదు ఉంటుంది. ఖాకీ చొక్కా, జేబులో పసుపు గుడ్డ. ఇరవై రెండేళ్ళుగా కిషన్ రావు గారి డ్రైవర్. పొద్దున ఆరింటికి ఆశమ్మ స్టవ్ వెలిగించేసరికి అందరికంటే ముందు అక్కడ ఉండేవాడు. తల తడిగా దువ్వి, మొహం కడిగి, పాల ప్యాకెట్ల బండి ఇంకా రాకముందే వచ్చి కూర్చునేవాడు.

"ఇంత పొద్దుగాల ఎక్కడి నుంచన్నా?" అని ఒకసారి అడిగాను.

"కాచిగూడల మా చెల్లె ఇల్లు తమ్మీ. ఆడికెళ్లి నడుసుకుంట వస్త. ఆరోగ్యానికి మంచిది."

పీరయ్య భార్య నాలుగేళ్ళ కిందట చనిపోయింది. ఒక్కతే కూతురు, రోజా. విద్యానగర్‌లో హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతోంది. బిడ్డ పేరు ఎత్తితే పీరయ్య మాట మెత్తబడేది. "దాని చదువు అయిపోనీ తమ్మీ, నేను రాజునే," అనేవాడు.

ఆ బండి మీటరులో అంకెలు అయిదే. తొంభై తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది దాటితే మళ్ళీ అన్నీ సున్నాలే. ఒకసారి అట్లా తిరిగింది 1999లో. రెండోసారి తిరిగిన రోజు కొత్త బండి అని కిషన్ రావు గారి మాట. అందుకే మాకందరికీ ఆ మీటరు మీద కన్ను. పరీక్ష నోటిఫికేషన్ కోసం ఎదురుచూసినట్టు ఎదురుచూసేవాళ్ళం.

ఒకరోజు నారాయణగూడ నుంచి మెకానిక్ కృష్ణయ్య వచ్చి, ఆశమ్మ బంకు ముందే బండి బానెట్ ఎత్తాడు. చాలాసేపు లోపల తల పెట్టి, బయటికి తీశాడు.

"పెట్రోల్ కంటె ఇంజన్ ఆయిల్ ఎక్కువ తాగుతున్నది. స్టీరింగ్ తిప్పినంక బండి జర ఆలోచన చేసుకొని తిరుగుతున్నది. ఏమయ్యా పీరయ్యా, ఇంకెన్ని దినాలు ఈ ముసలిదాన్ని తిప్పుతవ్?"

"నేను తిప్పుతున్ననా? అదే నన్ను తిప్పుతున్నది."

"నేనైతే ఒకటే చెప్త. రిపేర్‌కు పెట్టేది బండి ధర కంటె ఎక్కువైతే ఆ బండి మార్చాలె. నిరుడే మార్చాలె దీన్ని."

ఆశమ్మ చాయ్ వడపోస్తూ అంది: "నీ లెక్కన జూస్తే పీరయ్యను గూడ నిరుడే మార్చాలె. మోకాళ్ళు పాయె, కండ్లు పాయె."

అందరం నవ్వాం. పీరయ్య కూడా నవ్వాడు. కానీ గ్లాసు కింద పెట్టేశాడు, సగం చాయ్ అట్లాగే ఉంది.

"మీటర్ ఎంతొచ్చిందన్నా?" అన్నాను.

"తొంభై తొమ్మిది వేల ఆరువందల నలభై ఒకటి."

"గదేంది! పోయిన ఉగాదికి గూడ గదే చెప్పినవ్ గదా?"

"సకల జనుల సమ్మె ఉండె గద తమ్మీ. బండి తియ్యలే."

"సమ్మె నలభై రోజులే గద అన్నా! ఏడాది దాటింది!"

కృష్ణయ్య ఒక్కసారిగా దగ్గి, బానెట్ కింద మళ్ళీ తల దూర్చాడు. నేను వదల్లేదు. చివరికి కింద నుంచే గొణిగాడు: చక్రం తిరిగితే మీటరును తిప్పే కేబుల్ ఒకటి ఉంటుంది, దాన్ని విప్పేశారు, అందుకే అంకె కదలడం లేదు.

"ఎవరు విప్పమన్నరు?"

"సారు విప్పమన్నడని పీరయ్య చెప్పిండు. విప్పిన."

నా ఒళ్ళు మండిపోయింది. అంటే మాట తప్పకుండానే మాట తప్పడం! మీటరు తిరిగితే కొత్త బండి అన్నాడు, మీటరునే చంపేశాడు. ఆ బంకు ముందే నిలబడి పావుగంట మాట్లాడాను. భూమి దున్నేవాడిదైతే బండి నడిపేవాడిది అన్నాను. యాచించకు, నిలదియ్యి అన్నాను. నాలుగు వాహనాలు ఆగి చూశాయి.

"జర మెల్లగ తమ్మీ," అన్నాడు పీరయ్య. "సారు ఇంటరు."

"వినాలెననే అంటున్న!"

ఆ రాత్రి కూర్చుని పీరయ్య తరఫున అర్జీ రాశాను. రెండు పేజీలు. ఇచ్చిన మాట, తేదీ, సాక్షులు, విప్పిన కేబుల్... అన్నీ. పొద్దున్నే చేతికిచ్చి సంతకం పెట్టమన్నాను. పీరయ్య వేలు పెట్టి ఒక్కొక్క మాట చదివాడు.

"అక్షరాలు ముత్యాల లెక్క ఉన్నయ్ తమ్మీ," అన్నాడు. నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"ఎప్పుడిస్తవన్నా?"

"ఇస్త. టైమ్ రానీ."

నెలలు గడిచాయి. కలిసిన ప్రతిసారీ అదే అడిగేవాణ్ణి. ప్రతిసారీ అదే జవాబు. ఒకసారి కోపమొచ్చి అనేశాను: "నీలాంటోళ్ళు నోరు మూసుకుంటరు గనుకనే వాళ్ళు బతుకుతున్నరన్నా." పీరయ్య లేచి జేబు తడుముకున్నాడు. నా చాయ్ డబ్బులు తనే ఇచ్చి వెళ్ళిపోయాడు.

*

ఇప్పుడు ఈ ఆగస్టులో జరిగింది చెప్తాను. నా రూమ్మేట్ శ్రీశైలం నాకు చెప్పింది చెప్పినట్టు.

మూడు రోజులుగా ముసురు. వాన అని గట్టిగా అనలేం, ఆగిందని కూడా అనలేం. శ్రీశైలం చిక్కడపల్లిలో ఒక దోస్తు రూంలో పాత ప్రశ్నపత్రాలు చేసుకుంటూ కూర్చున్నాడు. లేచేసరికి పదకొండు. గొడుగు లేదు. మెయిన్ రోడ్డు చుట్టి వస్తే పుస్తకాలు తడిసిపోతాయి. నోట్సు చొక్కా లోపల పెట్టుకుని... అడ్డదారిలోకి తిరిగాడు.

ఆశమ్మ బంకు మూసి ఉంది, అరుగు ఖాళీగా ఉంది. పైన కప్పిన పట్టా గాలికి కొట్టుకుంటోంది.

ప్రెస్ గోడ మొదలైంది. చెట్టు దగ్గర చీకటి ఇంకా నల్లగా ఉంది. ఆకుల మీది నీళ్ళు బండి టాప్ మీద పడుతున్నాయి — టప్... టప్...

శ్రీశైలం నేల చూపులు చూస్తూ నడుస్తున్నాడు.

పాం —

ఆగిపోయాడు. ఒకసారి మోగితే పొమ్మని. పోతున్నా, పోతున్నా అనుకుంటూ అడుగు వేశాడు.

పాం —

రెండు. ఇప్పుడు బండి సరిగ్గా పక్కనే ఉంది. చెయ్యి చాస్తే తగిలేంత దూరంలో. లోపల దీపం లేదు. ముందు సీట్లో మనిషి లేడు. స్టీరింగ్ ఖాళీగా ఉంది — అది వాడు స్పష్టంగా చూశాడు.

పెద్ద అంగలు వేశాడు. పది అడుగులు... పదిహేను...

అప్పుడు మూడోది మోగింది.

అది మొదటి రెండింటి లాగా లేదట. కొట్టి వదిలేసినట్టు లేదు. పట్టుకుని, వణుకుతూ, మధ్యలో జారిపోయి, మళ్ళీ పట్టుకున్నట్టు — పా... ఆ... ఆ...

చూడొద్దని తెలిసీ శ్రీశైలం వెనక్కి చూశాడు.

వెనక అద్దానికున్న పరదా కదిలింది.

అద్దం మీద లోపలి నుంచి అయిదు వేళ్ళు... తెల్లటి అరచెయ్యి. అది అద్దాన్ని నొక్కి, మెల్లగా, మెల్లగా కిందికి జారిపోయింది.

ఆ తర్వాత గొంతు. చాలా చిన్నగా. వాన చప్పుడులో కలిసిపోయేంత చిన్నగా —

"తమ్మీ..."

*

గల్లీ చివరి హాస్టల్లో మా గది మూడో అంతస్తులో ఉంది. కిటికీ ఆ గల్లీ వైపే. శ్రీశైలం లోపలికి వచ్చి పడ్డప్పుడు వాడి రెండు కాళ్ళకూ చెప్పులు లేవు. నీళ్ళు తాగించి కూర్చోబెడితే కాసేపటికి అంతా చెప్పాడు.

"జగదీషన్నా, అది నన్ను పిలిచింది. తమ్మీ అన్నది..."

నేను నవ్వాను. నిజంగానే నవ్వాను. "పా, పోయి చూసొద్దాం. నీ దెయ్యానికి నా గోడ చూపిస్త," అన్నాను. టార్చ్ కోసం చెయ్యి చాపాను.

అప్పుడే కిటికీలోంచి వినిపించింది.

పాం —

పాం —

చాలాసేపు ఏమీ లేదు. మేమిద్దరం కిటికీ వైపే చూస్తున్నాం.

పా... ఆ... ఆ...

నా కాలు చెప్పులోకి వెళ్ళలేదు. నేను చదివిన పుస్తకాలన్నీ ఆ గదిలోనే ఉన్నాయి, మంచం కింద, అట్టపెట్టెలో. ఒక్కటీ నన్ను లేపలేదు. లేచి నేను చేసిన పని ఒకటే.

కిటికీ మూశాను. గడియ పెట్టాను.

*

పొద్దున ఆరింటికి ఆశమ్మ వచ్చింది. ముందు రోజు తన బిడ్డ దగ్గరికి పోయి, వాన వల్ల ఆ రాత్రి అక్కడే ఉండిపోయింది. బంకు దగ్గర పీరయ్య లేడు. ఇన్నేళ్ళలో మొదటిసారి లేడు.

నేను నిద్ర లేని కళ్ళతో అప్పుడే కిందికి దిగాను. ఆశమ్మ ఖాళీ బల్ల వైపు చూసింది. చేతిలో సంచీ వదిలేసింది. పాల ప్యాకెట్లు పగిలి రోడ్డు మీద తెల్లగా పారుతున్నా చూడకుండా, ఎవరినీ ఏమీ అడగకుండా, నేరుగా బాదం చెట్టు కిందికి ఉరికింది.

వెనక తలుపు లాగింది. అది తాళం వేసి లేదు. ఎప్పుడూ వేసి ఉండేది కాదట.

లోపల దిండు ఉంది. గళ్ళ దుప్పటి ఉంది. ఈ తలుపు నుంచి ఆ తలుపుకు కట్టిన తాడు మీద బనీను ఆరేసి ఉంది. సీటు వెనక దువ్వెన, చిన్న అద్దం, పళ్ళపొడి డబ్బా, రోజా పదో తరగతి ఫోటో.

అదొక ఇల్లు.

పీరయ్య సగం సీటు మీద, సగం కింద పడి ఉన్నాడు. కళ్ళు తెరిచి ఉన్నాయి. ఒళ్ళు చల్లబడి చాలాసేపైంది.

బిగించిన పిడికిట్లో ఒక తెల్లని స్విచ్ ఉంది. ఇళ్ళల్లో కాలింగ్ బెల్‌కు పెట్టే మామూలు స్విచ్. దానికి ఒక వైరు. ఆ వైరు సీటు కింద నుంచి ముందుకు పోయి... హారన్‌కు కలిసింది.

నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను. అద్దం పూర్తిగా పైకి లేవక సందు ఉండిపోయిన చోట వాన లోపలికి రాకుండా ఒక కాగితం కుక్కి ఉంది. తడిసి ఉబ్బిపోయింది. నాలుగు మడతలు. అక్షరాలు చూడగానే గుర్తుపట్టాను.

అవి నావే.

*

ఆశమ్మ ఆ రోజు స్టవ్ వెలిగించలేదు. బల్ల మీద కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని చెప్పింది.

"భార్య పోయినంక కిరాయి ఇల్లు ఇడిసిపెట్టిండు బిడ్డా. ఆ పైసలు పిల్ల హాస్టల్‌కు. బండ్లనే పండుకుంటుండె. చెల్లె లేదు, ఇల్లు లేదు. సారుకు తెలిస్తే పరువు పోతదని ఏమన్న అంటడేమోనని భయం. పోరలు దగ్గరికొస్తె చూస్తరని ఒక్కటి కొడ్తుండె. పోకపోతే రెండు కొడ్తుండె. దెయ్యమని నేనే పుట్టిచ్చిన."

"మూడు?"

ఆశమ్మ నా మొహం చూడలేకపోయింది.

"మూడు నాకోసం పెట్టుకున్నం. పానం బాగ లేకుంటే మూడు కొడ్త, అక్కా నువ్వు రా అన్నడు. మీరు రావొద్దని... అడ్డం పడొద్దని... మూడు మోగితే ఉరకుమని మీకు నేనే నేర్పిన."

గుండెపోటు అన్నాడు డాక్టరు. రాత్రి రెండు, రెండున్నర దాకా ప్రాణం ఉండి ఉంటుందన్నాడు. మొదటి హారన్ పదకొండింటికి. ఆ మూడు గంటల్లో ఎన్నిసార్లు కొట్టాడో మాకు తెలియదు. మేం కిటికీ మూసుకున్నాం.

ఆ మధ్యాహ్నమే నేను నారాయణగూడ షెడ్డుకు పోయి కృష్ణయ్య ముందు నిలబడ్డాను. స్విచ్ ఆయనే బిగించాడని తెలుసు. నాకు కావాల్సింది కేబుల్ సంగతి. పీరయ్య దిండు కింద ఒక తువ్వాలులో చుట్టి అది దొరికింది. యజమాని విప్పించిన కేబుల్‌ను డ్రైవర్ ఎందుకు దిండు కింద దాచుకుంటాడు?

కృష్ణయ్య చేతులకున్న గ్రీజు తుడుచుకున్నాడు.

"సారు చెప్పలే బాబూ. సారు పేరు చెప్పి పీరయ్యనే ఇప్పిచ్చుకున్నడు. స్విచ్ పెట్టమన్న రోజు నాకు అసలు ముచ్చట చెప్పిండు. 'కొత్త బండొస్తే ఏమైతది కృష్ణయ్యా? ఆరు నెలల దాక సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు గూడ తియ్యరు. అండ్ల నన్ను పండనిస్తరా?' అన్నడు."

షెడ్డులో ఎవరో సుత్తితో కొడుతున్నారు. కృష్ణయ్య గొంతు ఆ చప్పుడులో సగమే వినిపించింది.

"ఆ అంకె సున్నాకొచ్చిన దినం ఆయన ఇల్లు పోతుండె. మీరందరేమో మీటర్ తిరగాలె, తిరగాలె అంటిరి..."

మీరందరూ అన్నాడు. నా పేరు తియ్యలేదు. మంచి మనిషి.

కొత్త బండి అడగమని నేను ఎన్నిసార్లు తిట్టాను! నీలాంటోళ్ళు నోరు మూసుకుంటరు గనుకనే అన్నాను. ఆయన పడుకునే చోటు పోగొట్టమని రెండు పేజీల అర్జీ రాసి ఆయన చేతికే ఇచ్చాను. దాన్ని ఆయన పారెయ్యలేదు. వాన ఆపుకోవడానికి వాడుకున్నాడు. నేను రాసినవాటిలో ఒక మనిషికి పనికొచ్చింది ఆ ఒక్క కాగితమే.

మూడో రోజు రోజా వచ్చింది, తండ్రి సామాను తీసుకుపోవడానికి. దిండు, దుప్పటి, దువ్వెన అన్నీ ఒక సంచీలో పట్టాయి. పోతూ పోతూ నన్ను అడిగింది.

"కాచిగూడల చెల్లె ఇంట్ల ఉంటనని నాకూ చెప్పిండన్నా. నాకు మేనత్త లేదు గద అని ఒక్కసారి గూడ నాకు తట్టలే. ఎట్ల తట్టలేదన్నా?"

ఆ సంచీ అందుకుని మెయిన్ రోడ్డు దాకా మోశాను. ఎందుకు తెలుసుకోలేదని ఆ పిల్లను అడిగే హక్కు ఎవరికీ లేదు. మిగతావాళ్ళను అడిగే హక్కు ఉంది.

*

కిషన్ రావు గారి దగ్గరికి వెళ్ళాను. వరండాలో పడక్కుర్చీలో ఉన్నారు. కేకలు వెయ్యాలనే వెళ్ళాను. వేశాను కూడా. ఆయన ఆపలేదు.

అంతా విని, "పీరయ్య నన్ను అడగలే గద బాబూ," అన్నారు. "అడిగితే జాగ ఇయ్యనంటనా? మీటర్ గూడ తిరగలే. తిరిగితే మాట మీద నిలబడకపోదునా?"

"ఉగాది నుంచి ఉగాది దాటింది సార్. ఆ మధ్యల మీరెక్కడికీ పోలేదా?"

"పోయినం. యాదగిరిగుట్టకు పోయినం. మూడు పెండ్లిండ్లకు పోయినం..." అని ఆగిపోయారు. ఆగిన చోటే అర్థమైంది ఆయనకు. అన్ని తోవలు తిరిగిన బండి మీటరులో ఒక్క అంకె కదలలేదు. మనిషి చూడలేదు. చూడకపోతే ఖర్చు వాయిదా పడుతుంది, మాటా నిలబడుతుంది. కేబుల్ విప్పింది పీరయ్యే. కానీ విప్పిన కేబుల్ వల్ల సుఖపడింది ఒక్క పీరయ్యేనా?

"ఇంకొకటి చెప్పండి. ఇరవై రెండేళ్ళు మిమ్మల్ని తిప్పిన మనిషి రాత్రి ఎక్కడ పండుకుంటడో... భార్య పోయిన ఈ నాలుగేళ్ళల్ల... ఒక్కసారన్న పోయి చూసినరా?"

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకున్నారు.

"ఆలోచించి చెప్త," అన్నారు.

ఇది సెప్టెంబర్. అంబాసిడర్‌ను తుక్కు కింద తీసుకుపోయారు. గొలుసు కట్టి లాగుతుంటే కూడా మీటరు మీద అదే అంకె — 99,641. మొన్న కొత్త బండి వచ్చింది. వెండి రంగు. సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు ఉన్నాయి. తాళంచెవి ఇంకా ఏ డ్రైవర్ చేతికీ పోలేదు. కొత్త బండికి ఎండా వానా తగలొద్దని ఇంటి పక్క షెడ్డులో ఏళ్ళుగా కిరాయికి ఉన్న జిరాక్స్ షాపును ఖాళీ చేయించారు. గట్టి కప్పు. లోపల లైటు, ఫ్యాను. ఒక మనిషి కాళ్ళు చాపుకుని హాయిగా పడుకోవచ్చు.

జాగ ఉంది. ఇన్నాళ్ళూ ఉంది.

శ్రీశైలం హాస్టల్ మారిపోయాడు. నేను అదే గదిలో ఉన్నాను. ఇప్పుడు ఆ చెట్టు కింద ఏమీ లేదు. ఇంజన్ ఆయిల్ కారి కారి పడిన నల్లని మరక, దాని చుట్టూ బాదం ఆకులు.

కానీ కొన్ని రాత్రులు, పదకొండు దాటాక... వినిపిస్తుంది.

ఒకటి. రెండు. తర్వాత చాలాసేపు ఏమీ ఉండదు. తర్వాత ఆ మూడోది, వణుకుతూ, జారిపోతూ.

ఎక్కడి నుంచో నాకు తెలియదు. మెయిన్ రోడ్డు మీద ఏ ఆటోదో కావచ్చు. కాకపోవచ్చు. ఇప్పుడు నేను కిటికీ మూయను. చెప్పులు కూడా వెతుక్కోను. మూడంతస్తులు దిగి, గల్లీలోకి పరుగెత్తి, ఆ మరక పక్కన నిలబడి "పీరయ్యన్నా" అని పిలుస్తాను. ఎవరూ పలకరు. ఆశమ్మ తన అరుగు మీద లేచి కూర్చుంటుంది. ఆమెకూ వినిపించిందా అని నేను అడగను. నువ్వెందుకొచ్చావని ఆమె అడగదు.

కిషన్ రావు గారూ, మీరు ఆలోచించి చెప్తానన్నారు. ఒక్కసారన్నా పోయి చూశావా అనే ఆ ప్రశ్న ముందు నాకు నేను వేసుకున్నాను. రోజూ ఆయన పక్కన కూర్చుని చాయ్ తాగి, హక్కుల గురించి అంత మాట్లాడి, రాత్రి ఎక్కడ పడుకుంటాడో నేను ఎన్నడూ వెళ్ళి చూడలేదు. ఈ రాసిందంతా నా జవాబు. పేరు పెట్టి, సంతకం చేసి, ప్రెస్ గోడ మీద నా పాత అక్షరాల కిందే అంటించాను. పక్కన మీ జవాబుకు జాగ వదిలాను.

పండగ వస్తోంది. మళ్ళీ బంతిపూలు తెస్తారు, మళ్ళీ గుమ్మడికాయ కొడతారు, మళ్ళీ ఎవరికో ఏదో మాట ఇస్తారు. దానికంటే ముందు, ఆ కొత్త టైర్ల కింద నిమ్మకాయలు పెట్టేలోపు, నాకు కాదు, రోజాకు మీరు జవాబు చెప్పాలి. గడువు దసరా పొద్దున — 2012 అక్టోబర్ 24.